కొలిచినవాళ్లు కబురు చెప్పాలి

నెలల పిల్ల పొడవు కొలవడం ఎప్పుడైనా దగ్గరుండి చూశారా? దానికి ఇద్దరు మనుషులు కావాలి. పిల్లను పలక మీద పడుకోబెట్టి, ఒకరు రెండు చేతులతో తల పట్టుకుని పైఅంచుకు ఆనించాలి. ఇంకొకరు ముడుచుకున్న మోకాళ్లను మెల్లగా చాపి, అరికాళ్ల దాకా అడ్డుపలక జరపాలి. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. తల్లి 'అయిపోయింది, అయిపోయింది' అంటూ ఉంటుంది. బరువు మాత్రం పైకి చదవొద్దని నాయనమ్మ గుమ్మంలోంచే చెబుతుంది, దిష్టి తగులుతుందని. ఒక్క అంకె కాగితమ్మీదికి ఎక్కడానికి ఆ ఇంట్లో ఇంత జరుగుతుంది.

మేడ్చల్ పల్లెలు ఇలాంటి కొలతలకు తలుపు తీసిన పల్లెలు. 2009 నుంచి 2011 దాకా ఆ మండలంలో 15 నుంచి 35 ఏళ్ల లోపు ఆడవాళ్లు 1,227 మంది 'లైఫ్' అనే అధ్యయనంలో చేరారు. ఘనపూర్‌లోని మెడిసిటీ ప్రాంగణంలో ఉన్న షేర్ ఇండియా సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని అది. బిడ్డ పుట్టాక వచ్చి తూకం వేయడం కాదు. గర్భం రాకముందో, వచ్చిన తొలి వారాల్లోనో తల్లిని చేర్చుకోవడం దాని పద్ధతి. బిడ్డ ఎదుగుదలకు పునాది తల్లి ఒంట్లో, ఆమె తినే తిండిలో, ఆమె బతికే పరిసరాల్లో పడుతుంది కాబట్టి అక్కణ్నుంచే చూడాలన్నది ఆలోచన.

ఆలోచన బాగుంది. కానీ అది ఆ ఇంటి కోడలి మీద ఎంత బరువు పెడుతుందో చూడండి. పెళ్లయి ఏడాది తిరగని పిల్లను, అత్తగారు పక్కనే కూర్చుని ఉండగా, 'ఈ నెల స్నానమైందా?' అని అడగాలి. నెల తప్పిన సంగతి మూడో నెల దాకా బయటపెట్టని ఇళ్లు మనవి. కడుపు నిలవకపోతే ఆ మాటా చెప్పుకోవాలి, అదీ రాసుకునే మనిషి ముందు. పైగా తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి పోతుంది. మండలం దాటి, జిల్లా దాటి పోతుంది. అక్కడ పుట్టిన బిడ్డ బరువు ఎవరు పట్టుకోవాలి? మన పురుడు ఆచారం తెలియనివాళ్లు ఎంత పెద్ద విశ్వవిద్యాలయం నుంచి వచ్చినా, ఈ పల్లెల్లో ఇలాంటి అధ్యయనం చేయలేరు. ఊళ్లోనే ఉండే ఆడమనిషి వెంట ఉండి, 'మనవాళ్లేనమ్మా, చెప్పు' అంటేనే నోరు పెగులుతుంది. నా లెక్కలో అధ్యయనానికి అసలు పెట్టుబడి ఆ నమ్మకమే.

ఆ నమ్మకం ఏం సాధించగలదో మన దగ్గరే రుజువుంది. 1987–90లో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో తార్నాక జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్లకు ముందు వచ్చింది, పక్క ఊళ్లకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్లలో గర్భిణులకూ పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టేవారు. అప్పటి పిల్లలను 13–18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పట్టుకున్నారు. మొత్తం 29 ఊళ్లు, 1,165 మంది. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎదిగారు. ముందుముందు చక్కెర జబ్బుకూ గుండెజబ్బుకూ దారితీసే కొన్ని లక్షణాలు వాళ్లలో తక్కువగా కనిపించాయి. 2008లో ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అంగన్‌వాడీ తిండి దండగ అనేవాళ్లకు ఆ ఊళ్ల తల్లులు ఇచ్చిన జవాబు ఇది.

నమ్మకాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో కూడా మన దగ్గరే చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. టీకా మంచిచెడ్డలు వేరే సంగతి. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 చోట్ల సంతకం హాస్టల్ వార్డెన్లదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక చెప్పింది. తల్లిదండ్రులు అడవి పల్లెల్లో ఉండగానే పిల్లల తరఫున సంతకాలైపోయాయి. ఆ కాగితాలను తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

అప్పటి నుంచి సంతకం విషయంలో కొంత మెరుగుపడ్డాం. సంతకం తర్వాతి సంగతే నన్ను కలవరపెడుతుంది. మొదటి రోజు ఇంటికొచ్చి గంటసేపు ఓపిగ్గా అన్నీ చెబుతారు. అన్నీ అయిపోయాక, ఏం తేలిందో చెప్పడానికి అదే గుమ్మంలోకి ఎంతమంది వస్తారు? ఫలితాలు ఇంగ్లిషు పత్రికల్లోకి పోతాయి, సదస్సుల్లోకి పోతాయి. పోవాల్సిందే, కాదనను. కానీ ఉప్మా తిన్న ఊరికి ఆ 14 మిల్లీమీటర్ల కబురు తెలుగులో చేరాలి. చేరవేయడం దయ కాదు, బాకీ. పంచాయతీ అరుగు మీద ఒక సాయంత్రం కూర్చుని, 'మీరిచ్చిన రక్తంలో ఇది చూశాం, మీ పిల్లల్లో ఇది కనిపించింది, ఇది మాకింకా అంతుబట్టలేదు' అని చెప్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఏ అధ్యయనానికైనా అనుమతిచ్చే నైతిక సంఘం ఆ సాయంత్రానికి తేదీ, ఖర్చు ముందే రాయించుకోవాలని నా వాదన.

మేడ్చల్ పల్లెల విషయంలో ఇది ఆలస్యం చేయకూడదు. ద్రాక్షతోటలు ఉన్న చోట ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్లు. భూములమ్ముకున్న ఇళ్లు కొంపల్లికో అల్వాల్‌కో తరలిపోతున్నాయి, వాళ్ల చోట్లోకి ఎక్కడెక్కడి నుంచో కిరాయి కుటుంబాలు వస్తున్నాయి. ఇంకో పదేళ్లకు కబురు చెబుదామన్నా ఆ గుమ్మం ఉండదు.

ఇంకో మాట. లైఫ్ తల్లులకు తొలి రోజుల్లో పుట్టిన పిల్లలు ఈపాటికి పదో తరగతి ఈడుకొచ్చారు. వాళ్ల తరఫున అమ్మ ఒప్పుకున్నప్పుడు వాళ్లింకా కడుపులో ఉన్నారు, కొందరు కడుపులోనూ లేరు. పన్నెండేళ్లు దాటిన పిల్లల సమ్మతి రాతపూర్వకంగా వేరేగా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి ఇకమీదట వాళ్ల గుమ్మం ఎక్కేవాళ్లు టేపు బయటికి తీసేముందు ఆ అబ్బాయి, ఆ అమ్మాయి ఎదురుగా కూర్చోవాలి. పాత కాగితాలు విప్పి, నువ్వు పుట్టినప్పుడు ఇంత బరువున్నావు, ఏడాదికి ఇంత పొడవు పెరిగావు, మీ అమ్మ మాకు ఈ సంగతులు చెప్పింది అని చూపించాలి. ఆ తర్వాతే, మళ్లీ కొలవొచ్చా అని అడగాలి.