పరుల పెట్టుబడియు, మన జమాఖర్చులును

గోదావరి, కృష్ణా మండలముల పట్టణములందును, హైదరాబాదు పరిసరములందును నేఁడొక క్రొత్త యుత్సాహము కానవచ్చుచున్నది. నిన్నటి దనుక అన్నదమ్ములు కలసి నడపుకొనుచుండిన బియ్యపు మిల్లులు, రొయ్యల శుద్ధి కర్మాగారములు, విత్తన వ్యాపారములు, మందుల తయారీ సంస్థలు కంపెనీలై, పెరుగుటకు సొంత ధనము చాలక పరుల ధనమును కోరుచున్నవి. కొందఱు బ్యాంకులను ఆశ్రయించుచున్నారు. కొందఱు పెట్టుబడి సంస్థలను వెదకుచున్నారు. చిన్న సంస్థల కొఱకు 2012 లో స్టాకు ఎక్స్ఛేంజీలు ప్రత్యేకముగ తెఱచిన విభాగములలో షేర్లు అమ్మఁజూచువారును కలరు. పరుల ధనముతో సంస్థలను నిలుపుట మనకు క్రొత్త గాదు. 1923 లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించినపుడు దాని చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు మాత్రమే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1 న యూనియన్ బ్యాంకులో విలీనమగు దాఁక దాదాపు నూఱేండ్లు నిలిచెను. కావున పరుల ధనమును కోరుటను మేము తప్పుపట్టుట లేదు. తమ లెక్క తామెఱుఁగక దానిని కోరఁబోవుటనే తప్పుపట్టుచున్నాము.

ఒక యుదాహరణమును తీసికొందము. భీమవరపు ప్రాంతమున ఒక రొయ్యల శుద్ధి కంపెనీ కలదనుకొందము. ఏఁటికి 40 కోట్ల రూపాయల అమ్మకము. నూటికి అయిదు చొప్పున 2 కోట్ల లాభము. యజమాని సంతుష్టుఁడు. కాని సముద్రముల కావలి కొనుగోలుదారుఁడు సొమ్ము పంపుటకు మూఁడు నెలలు పట్టును. అనఁగా ఎల్లప్పుడును 10 కోట్లు వాని చేతిలోనే యుండును. శీతల గిడ్డంగిలో రెండు నెలల సరుకు, ఏఁటికి 36 కోట్ల కొనుగోలు మీఁద లెక్కింపఁగా, 6 కోట్లు. చెఱువు రైతు పదునైదు దినములకంటె ఎక్కువ ఆగఁజాలఁడు గనుక వాని యరువువలన ఆదుకొనునది కోటిన్నర మాత్రమే. వెరసి 14 కోట్ల 50 లక్షలు వ్యాపారమునందు చిక్కుకొని యున్నది. ఇపుడు అమ్మకము 60 కోట్లకు పెరిగినదనుకొనుఁడు. చిక్కుకొను సొమ్ము దాదాపు 21 కోట్ల 75 లక్షలగును. అదనముగ కావలసినది 7 కోట్ల 25 లక్షలు. ఆ యేఁటి లాభము పన్ను తీయకయే 3 కోట్లు. లాభము వచ్చుచుండఁగనే చేతిలో రూపాయి లేకుండుట ఇట్లు సంభవించుచున్నది. 'వ్యాపారము బాగున్నది, డబ్బు మాత్రము ఆడుట లేదు' అని మన వర్తకులు తఱచుగ చెప్పుమాట కర్థమిదియే. ఈ లెక్క కాగితముమీఁద పెట్టుకొనని యజమాని ఎంత ధనము కావలయునో, ఎంతకాలమునకు కావలయునో చెప్పఁజాలఁడు. అడిగినవారికి నోటికి వచ్చిన యంకె చెప్పును.

ఈ లెక్కయందు దుర్దినములకును చోటుండవలెను. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా ప్రభుత్వము భారతీయ వస్తువులు పెక్కింటిపై అదనపు సుంకమును నూటికి ఏఁబదికి పెంచినపుడు మన రొయ్యల వ్యాపారము పడిన ఆందోళన పాఠకులకు తెలిసినదే. అట్టి వేళ మూఁడు నెలలకు రావలసిన సొమ్ము ఆఱు నెలలకు వచ్చినచో జీతములెట్లు, విద్యుచ్ఛక్తి బిల్లెట్లు, రైతుల బాకీ యెట్లు అని ముందుగా వ్రాసి పెట్టుకొన్నవారెందఱు?

ఇఁక ఇంటి పెట్టెయు కంపెనీ పెట్టెయు ఒక్కటియై యుండుట. ఈ విషయమున కొంచెము కఠినముగ పలుకక తప్పదు. కుమార్తె వివాహము కంపెనీ ఖాతానుండి జరుగును. పొలము కొనుగోలునకు చేబదులు కంపెనీ ఇచ్చును. కర్మాగారమున్న స్థలము తల్లిగారి పేరిట, సరుకుపై ముద్ర పెద్దన్నగారి పేరిట నుండును. నగదు పెట్టె తాళము బావమఱది చేత నుండును. (బావమఱదులందు మాకు ద్వేషము లేదు, ఆవర్జా వ్రాయ నేర్చినవాఁడైనచో మఱింత గౌరవింతుము.) తొలినాఁట రేయింబవళ్లు పాటుపడిన మిత్రునకు 'నీకును వాటా ఇత్తును' అని నోటిమాటగ చెప్పియుందురు, పెట్టుబడి వచ్చు దినమున ఆ మిత్రుఁడు జ్ఞాపకము చేయును. డైరెక్టర్లకు కంపెనీ ఋణమిచ్చుటకును, బయటివారి వద్ద డిపాజిట్లు పుచ్చుకొనుటకును 2013 కంపెనీల చట్టము గట్టి హద్దులు పెట్టియున్నది. ప్రామిసరీ నోటుమీఁద ఊరివారి సొమ్ము తెచ్చి కంపెనీలో వేయుచున్నవారు దీనిని చదివికొనుట మంచిది.

పన్నువానికొక చిట్టా, బ్యాంకువాని కొకటి, ఇంటి కొకటి యను పద్ధతి యింకను చావలేదు. 2017 జూలై 1 న వస్తుసేవల పన్ను వచ్చిన పిదప ప్రతి అమ్మకమును ప్రభుత్వపు దస్త్రములలో జాడ వదలుచున్నది. పెట్టుబడి పెట్టువాఁడు ఆ పన్ను పత్రములను, బ్యాంకు ఖాతా ప్రతులను, ఆదాయపు పన్ను లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచును. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల లెక్కలు వ్రాయు సాఫ్ట్‌వేరునందు ప్రతి దిద్దుబాటునకును గుర్తు నిలిచి యుండవలెనను నిబంధనయు కలదు. పదేండ్లు అమ్మకములను దాచి పన్ను తప్పించుకొన్న పెద్దమనిషి, ఆ దాచిన అమ్మకములకు కూడ వెల కట్టుమని క్రొత్తవానిని కోరుట ఎంత వింత!

లెక్కలు తగ్గించి చూపుట యొక దోషమైనచో, పెంచి చూపుట మహాదోషము. హైదరాబాదున 1987 లో పుట్టి న్యూయార్కు విపణి వఱకు ఎగఁబ్రాకిన సత్యం కంప్యూటర్స్ కథ మన యింటి కథయే. 2009 జనవరి 7 న ఆ సంస్థ యధ్యక్షుఁడు డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో, పుస్తకములందు 5,361 కోట్లుగ చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూఁడు నెలలకు 649 కోట్లుగ చూపిన నిర్వహణ లాభము నిజమునకు 61 కోట్లే యనియు అందు కలదు. ఆ యంతరము మొదట స్వల్పమై, యేఁటేఁట పెరిగి చేయి దాఁటినదని ఆ లేఖయే చెప్పుచున్నది. ఆ యొక్క దినముననే షేరు వెల నాలుగింట మూఁడు వంతులకు మించి పడిపోయెను. మన పట్టణముల ఉపాధ్యాయులు, పింఛనుదార్లు, రైతులు ఎందఱో ఆ షేర్లను నమ్మికతో దాఁచుకొన్నవారే. పుస్తకములోని బ్యాంకు నిల్వయు బ్యాంకువాఁడు చెప్పు నిల్వయు ఒకటియా కాదా యని నెలనెల సరిచూచుట గుమాస్తా చేయఁదగిన పని. చిన్న కంపెనీలో అలవడని యీ పని కంపెనీ పెద్దదైన తరువాత అలవడునని మేము నమ్మము.

'డబ్బు రానిండు, అకౌంటెంటును పిదప పెట్టుకొందము' అనువారితో మేము ఏకీభవింపఁజాలము. ధనమిచ్చువాఁడు సాధారణముగ మూఁడేండ్ల ఆడిటు లెక్కలు చూడఁగోరును. ఆ మూఁడేండ్లు అవసరము కలిగిన నాఁడు పుట్టవు. నెల ముగిసిన పది దినములలో ఆ నెల లెక్క తేల్చుకొను సంస్థ మాత్రమే తొందరపడక బేరమాడఁగలదు. తొందరలో పోయినవాఁడు యింటిని తాకట్టు పెట్టి, సొంత హామీ వ్రాసి, సగము వాటాను సగము వెలకు వదలుకొని వచ్చును. ఒక్కొక్కచో లెక్క తేల్చిన పిదప పరుల ధనమే అక్కఱలేదని తేలుటయు కలదు. 2006 నాఁటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము దేశములోని కొనుగోలుదారుఁడు ఒప్పందమున్నను 45 దినములకు మించి సూక్ష్మ, చిన్న సంస్థలకు సొమ్ము నిలుపరాదు. ఆ హక్కు నడుగక, ఆఱు నెలల బాకీలను మొగమోటముచే వదలి, వడ్డీకి అప్పు తెచ్చుట మన పట్టణములందు నిత్యము చూచుచున్నాము.

మొగమోటమే యసలు వ్యాధి. బంధువు కంపెనీలో సొమ్ము వేసినవాఁడు లెక్క యడిగినచో 'మామీఁద నమ్మకము లేదా?' యను ప్రశ్న ఎదురగును. అడిగినవాఁడు సిగ్గుపడి యూరకుండును. ఈ సంవత్సరము తన బావగారి కంపెనీలోనో, పొరుగువాని మిల్లులోనో సొమ్ము పెట్టఁదలఁచిన పాఠకులు నిస్సంకోచముగ మూఁటిని అడుగవలయునని మా మనవి: గడచిన నెల బ్యాంకు ఖాతా ప్రతి, అదే నెల వస్తుసేవల పన్ను పత్రము, ఆ నెలాఖరునకు ఇయ్యవలసిన వారి, రావలసిన వారి జాబితా. యజమానియైనవాఁడు ఆ మూఁటిని అడుగకమున్నే బల్లమీఁద పెట్టినచో ఆ సొమ్ము సంగతి నిశ్చింతగ మాటలాడవచ్చును. వెదకి ఇత్తునని చెప్పి వారము గడపినచో సొమ్ము మఱియొక వారము ఇంటనే యుండనిండు.