కత్తెర ఎవరి చేతిలో ఉంది?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ప్రపంచ పేదరికం గురించి చెప్పే పని నా నెత్తిన పడింది. ఎదురు ఫ్లాట్ అక్క స్కూల్లో టీచరు. "శనాదివారాలు ఖాళీగానే ఉంటావుగా, కాస్త సాయం పట్టు" అంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆదివారం ఖాళీ అని ఎవరు పుట్టించారో గానీ.. సరే అన్నాను.

మొదట నేను స్లైడ్లు చేశా. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కటిక పేదరికం గీతని రోజుకి 3 డాలర్లకి మార్చిందనీ, ఆ లెక్కన దాదాపు 80 కోట్ల మంది దాని కిందే ఉన్నారనీ.. అక్క చూసి "వీళ్ళు ఆరో తరగతి పిల్లలు, నీ క్లయింట్లు కారు" అని తీసి పక్కన పడేసింది. (అన్నట్టు, ఆ 3 డాలర్లని ఇవాళ్టి రేటుతో గుణించి రూపాయల్లో చెప్పేస్తుంటారు చాలామంది. తప్పు. అవి కొనుగోలు శక్తిని బట్టి సరిచేసిన డాలర్లు. మన దగ్గర అంతకంటే చాలా తక్కువ రూపాయలే అవుతాయి.)

అక్క రెండు ఆటలు చెప్పింది. ఒకటి ఆక్స్‌ఫామ్ అమెరికా వాళ్ళు ఏళ్ళ తరబడి జరిపించిన 'ఆకలి విందు'. చీటీ తీస్తే కొద్దిమందికి బల్ల మీద పూర్తి భోజనం, చాలామందికి నేల మీద కూర్చుని ఉత్త అన్నం, నీళ్ళు. రెండోది బ్రిటన్‌లోని క్రిస్టియన్ ఎయిడ్ వాళ్ళ వర్తకం ఆట.

నేను రెండోదానికే ఓటేశా. విందులో పిల్లాడు గంటసేపు జాలిపడతాడు, ఇంటికెళ్ళి పిజ్జా తింటాడు. పేదరికం అంటే చీటీలో వచ్చిన దురదృష్టం అనుకుంటాడు తప్ప, అది ఎలా తయారవుతుందో వాడికి తెలీదు.

వర్తకం ఆటలో జట్లు కాగితాన్ని కొలతల ప్రకారం కత్తిరించి బ్యాంకుకి అమ్మాలి. ఒక జట్టుకి కత్తెరలు, స్కేళ్ళు, వృత్తలేఖిని ఇచ్చి కాగితాలు మాత్రం రెండు మూడే ఇచ్చాం. ఇంకో జట్టుకి బోలెడు కాగితాలు, రెండు పెన్సిళ్ళు. అంతే. ఎందుకిలా అని ఎవరికీ చెప్పలేదు. బ్యాంకు నేను.

పది నిమిషాల్లో కత్తెర జట్టు పెద్ద వ్యాపారస్తులైపోయారు! నాలుగు కాగితాలిస్తే ఒక్క నిమిషం కత్తెర అద్దెకిస్తామన్నారు. కాగితాల జట్టు చేత్తో చించి తెస్తే, అంచు సరిగా లేదని నేను వెనక్కి కొట్టా. మధ్యలో వృత్తాల ధర సగానికి తగ్గించా. ఆఖర్న కత్తెర జట్టు నాయకుడు అన్న మాట: "మేం బాగా కష్టపడ్డాం అంకుల్, వాళ్ళు ఊరికే అరుచుకుంటూ కూచున్నారు." (పెళ్ళి కాకుండానే అంకుల్‌నయ్యాను, అది వేరే బాధ.)

అప్పుడు చాక్లెట్ సంగతి చెప్పా. ప్రపంచంలో సగానికి పైగా కోకో ఐవరీ కోస్ట్, ఘనాల్లోనే పండుతుంది. దాన్ని చాక్లెట్‌గా మార్చి అమ్ముకునే లాభం ఎక్కువగా బయటి దేశాలకి పోతుంది. 2024లో కోకో టన్ను 10,000 డాలర్లు దాటినా, ఆ దేశాల్లో రైతుకిచ్చే ధర సర్కారు ముందే కట్టేస్తుంది కాబట్టి ఆ పెరుగుదలంతా వాళ్ళకి చేరలేదు. నేను చెప్పడం పూర్తికాకుండానే ఓ పిల్ల "అంటే కత్తెర వాళ్ళ దగ్గరుందన్నమాట" అంది.

ఆ పిల్ల మా వాచ్‌మన్ కూతురు. మేం పిలిచిన వాళ్ళలో లేదు. ఒకళ్ళు తక్కువైతే, గుమ్మంలో నిలబడి చూస్తున్నదాన్ని అక్క లోపలికి పిలిచింది. కాగితాల జట్టులో పడింది. రెండు పెన్సిళ్ళలో ఒకటి ఇచ్చి, ఒక స్కేలు బేరమాడి తెచ్చింది కూడా అదే. మేం పశ్చిమ ఆఫ్రికా మ్యాప్ ప్రింట్ తీశాం గానీ, గుమ్మం వైపు చూడాలని నాకు తట్టలేదు. ఆట అయ్యాక వాళ్ళమ్మ చీపురు పట్టుకొచ్చింది, కాగితం ముక్కలు ఊడవడానికి. కత్తెర జట్టు అప్పటికే లిఫ్టెక్కేసింది.

పేదరికంతో ఆటలా అని అడిగే వాళ్ళుంటారు. ఆడించాలనే నేనంటాను, కానీ ఆ పిల్లని లోపల కూర్చోబెట్టి ఆడించాలి. వచ్చే నెల మళ్ళీ పెడుతున్నాం. బ్యాంకులో ఆ పిల్లే కూర్చుంటుందని అసోసియేషన్ మీటింగులో చెప్పా. ఒకాయన "మన పిల్లలు ఫీలవుతారేమో" అన్నాడు. అక్క ఇంకా ఆయనతో వాదిస్తూనే ఉంది.