ఇంగ్లీషు మాస్టారికి కావలసింది యాసా? చదువా?

కొరియా అనగానే మన కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు కార్మికులకు ముందు గుర్తొచ్చేది పోస్కో. 2019లో ఆ కంపెనీకీ మన ఆర్‌.ఐ.ఎన్‌.ఎల్‌.కూ మధ్య అవగాహన పత్రం కుదిరాక ఆ పేరు ఇక్కడ ఇంటింటా వినబడింది. పెనుకొండ వైపు వాళ్లకైతే కియా కార్లు గుర్తొస్తాయి. అయితే ఆ దేశానికీ మనకూ మధ్య ఇంకో దారి కూడా ఉంది. అది బడి దారి. దాని గురించి మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

దక్షిణ కొరియాలో 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతోంది. అంతకు ముందే, 1995లో, ప్రభుత్వం 'ఎపిక్' అనే పథకం పెట్టి విదేశీ ఇంగ్లీషు టీచర్లను సర్కారు బడులకు రప్పించుకోవడం మొదలుపెట్టింది. ఒప్పందం ఏడాదికి. ఉండడానికి ఇల్లు చూపిస్తారు. రోజుకు ఎనిమిది గంటలు బడిలో ఉండాలి, వారానికి 22 గంటల దాకా పాఠం చెప్పాలి. బడి గుమ్మంలో బూట్లు విప్పి లోపల తొడుక్కునే చెప్పులు వేసుకోవాలి. తరగతిలో పక్కన ఒక కొరియా టీచరు ఉంటారు, ఇద్దరూ కలిసి పాఠం నడుపుతారు. ఒకే పాఠాన్ని సెక్షన్ తరవాత సెక్షన్‌కి మళ్లీ మళ్లీ చెప్పాలి. మధ్యాహ్నం బడిలోనే అన్నం, సూపు, కిమ్చీ. సెలవుల్లో కూడా పిల్లలకు ఇంగ్లీషు క్యాంపులు నడపాలి. ఆ దేశంలో ఇంగ్లీషు మీద ఎంత పట్టుదలంటే, ఏటా నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు విని రాసే భాగం జరుగుతున్నంతసేపూ దేశమంతటా విమానాలు దిగవు, ఎగరవు!

మరి ఆ ఉద్యోగం ఎవరికిస్తారు? అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా - ఈ ఏడు దేశాల వాళ్లకు. వాళ్లు ఏ డిగ్రీ చదివినా ఫరవాలేదు, బోధనలో చిన్న శిక్షణ సర్టిఫికెట్ ఉంటే చాలు. 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల మనవాళ్లకూ సహాయ ఇంగ్లీషు టీచరుగా వెళ్లే వీలు కలిగింది. కానీ మనం ఇంగ్లీషు బోధించడానికి టీచరు అర్హత చూపించాలి. అంటే వాళ్లకు పుట్టిన దేశమే పెద్ద అర్హత, మనకు చదువే అర్హత.

ఇది అన్యాయం కాదా అంటే అన్యాయమే. అయితే కొరియా వాళ్లను ఒక మాట అనేముందు మన సంగతీ చూసుకోవాలి. మన గాజువాక రోడ్డులో స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లకు ఫీజు కట్టేవాళ్లు అక్కడ పాఠం చెప్పే మనిషి ఏం చదివాడని అడుగుతున్నారా? ఎంత గడగడా మాట్లాడతాడనే చూస్తున్నారు. ఇంగ్లీషు బాగా చెప్పే మాస్టారు 'స్కూలు'ని 'ఇస్కూలు' అంటే వెనక బెంచీలో నవ్వేది ఎవరు? మనమే కదా!

నా ఉద్దేశంలో పరాయి భాష నేర్పేవాడికి ముందు తెలియవలసింది, నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడన్నది. ఈ విషయంలో తెలుగువాడికి కొరియా బడిలో ఒక చనువు ఉంది. మనం 'బస్సు' అని చివర అచ్చు తగిలించినట్టే వాళ్లూ ఆ మాట చివర ఒక అచ్చు చేరుస్తారు. మన ఇళ్లలో కాఫీ 'కాపీ' అయినట్టే వాళ్ల నోట కూడా అందులోని 'ఫ' కాస్తా 'ప' అయిపోతుంది. వాళ్ల వాక్యంలోనూ మన వాక్యంలో లాగే క్రియ చివరన వస్తుంది. ఇంగ్లీషులో మాటమాటకీ ముందు వచ్చే 'ఎ', 'ది' వాళ్లకూ లేవు, మనకూ లేవు. ఇంగ్లీషు తల్లిపాలతో వచ్చినవాడు ఈ గోతులు ఎప్పుడూ దాటలేదు. మనం ఒక్కొక్కటీ దాటి వచ్చాం. గోతి ఎక్కడుందో దాటినవాడికే తెలుస్తుంది.

అసలు ఉచ్చారణ అక్కర్లేదా అంటే కావాలి. మంచి ఉచ్చారణ చెవిన పడకపోతే భాష పట్టుబడదు. కానీ అది ఒక్కటే సరిపోతే 'కన్యాశుల్కం'లో గిరీశాన్ని మించిన గురువు లేడు. ఆయన నోటినిండా ఇంగ్లీషే, శిష్యుడు వెంకటేశం మాత్రం పరీక్ష తప్పాడు. మన ఉత్తరాంధ్రలోనే ఇంకో మాస్టారు ఉన్నారు, గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో పని చేస్తూ సవరల భాష తాను నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పిల్లవాణ్ణి తన దగ్గరికి రమ్మనకుండా తానే పిల్లవాడి దగ్గరికి వెళ్లిన గురువు ఆయన. ఈ ఇద్దరిలో ఏ దేశపు బడికైనా కావలసింది ఎవరో వేరే చెప్పాలా?

కాబట్టి మిత్రులారా, మన ఇళ్లలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు లేరన్నది మనకు లోటే గానీ అనర్హత కాదు. ఇంగ్లీషు మెథడాలజీతో బి.ఎడ్. చేసే అవకాశం ఉన్నవాళ్లు దాన్ని ఆఖరి దారిగా చూడకండి. విదేశీ ఉద్యోగం పేరు చెప్పి ముందే డబ్బు అడిగే ఏజెంట్లను నమ్మకండి, నియమాలు ఏటా మారవచ్చు కనుక కొరియా ఎంబసీ సమాచారమే చూసుకోండి. కొరియా వెళ్లినా, పక్క ఊరి బడికే వెళ్లినా పని ఒకటే.

వార్డెన్ గారికి, సంక్షేమ శాఖ పెద్దలకు ఒక్క విన్నపం. సాయంత్రం ట్యూషనుకి ఇంగ్లీషు ట్యూటరుని పెట్టేటప్పుడు ఆయన ఎంత వేగంగా మాట్లాడతాడో చూడకండి. ఆరో తరగతి పిల్లవాడు తప్పు మాట్లాడినప్పుడు నవ్వకుండా, ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పగలడా అన్నది చూడండి. తప్పు మాట్లాడడానికి భయం లేని హాస్టల్లోనే ఇంగ్లీషు వస్తుంది.