మడుగును గాచువా రెవరు?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన సామెత. కట్టుటలోని కష్టమును జెప్పిన పెద్దలు కట్టినదానిని గాచుటలోని కష్టమును గూర్చి యొక్కమాటయు జెప్పలేదు. సప్తసంతానములలో తటాకనిర్మాణమును జేర్చి, చెఱువు త్రవ్వించినవానికి బుత్రుని గన్నంత పుణ్యమనిరి. పూడిక తీసినవాని శ్రమ యే సంతానములోను జేరలేదు. నాటనుండి నేటివఱకు మనకు గట్టుటయం దున్న యుత్సాహము కాచుటయందు లేదు. శంకుస్థాపనకు బందిళ్లు వేయుదుము. ప్రారంభోత్సవమునకు బూలమాలలు తెత్తుము. రెండవయేట తూములో జమ్ము మొలచినప్పుడు ముక్కు మూసికొని ప్రక్కవీథిని బోవుదుము. ఈ యలవాటు మఱియే విషయమునందైన నష్టకరము మాత్రమే. వాననీటి మడుగుల విషయమున నది యక్షరాల కొంపలు ముంచునది.

2024వ సంవత్సరము ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో గురిసిన వానలకు బుడమేరు పొంగి, మళ్లింపుకాలువకు మూడుచోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట మున్నగు భాగములు నీట మునిగినవి. జనులు దినములతరబడి మేడలపై నిలిచి, త్రాగునీటికిని అన్నపు బొట్లములకును ఎదురుచూచిరి. అప్పుడే ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన కృష్ణనీరు దిగువకు బోయినది. చేతులు కాలినతరువాత ఆకులు పట్టుకొనుట మనకు గ్రొత్త గాదు. వరద తీసిన పిమ్మట సభలు జరిగినవి, సలహాలు పుట్టినవి. వానిలో నొకటి మంచిది: ప్రతిపేటలోను బల్లపు జోటు నొకదానిని మిగిల్చి, వాననీరు నిలిచి తేరుకొని మెల్లగా బోవునట్టి చిత్తడిమడుగును నిర్మింపవలయు నన్నది. ఈ సలహాకు మేము ప్రతికూలురము కాము. ఐతే, కాచువా రెవరో తేల్చక కట్టుట కట్టకుండుటకంటె జెఱుపని మా వాదము.

మొదట నొక భ్రమను దొలగింపవలయును. పేటలోని చిన్నమడుగు బుడమేటి వరద నాపలేదు. దానికి వెలగలేరు రెగ్యులేటరు, మళ్లింపుకాలువ, గట్లు బలముగా నుండవలయును. అది ప్రభుత్వము చేయవలసిన పెద్దపని. మన మడుగు చేయునది వేఱు. ఒక యెకరము నేలపై 10 సెంటీమీటర్ల వాన గురిసిన సుమారు 4 లక్షల లీటర్ల నీరగును. మట్టినేలయైన గొంత పీల్చుకొనును. సిమెంటువీథులు, మేడలు నిండిన పేటలో దాదాపు నీరంతయు నొక్కసారిగా వీథిలోనికి దుముకును. ఏటేట ఒకటిరెండు గంటల వానకే మోకాలిలోతు నీరు నిలుచుటకు గారణ మిదియే. ఈ పరుగును మడుగు నిదానింపజేయును. ముఖమున నున్న లోతుగుంటలో నిసుకయు మట్టియు బేరుకొనును. తరువాతి లోతు తక్కువ భాగములో జమ్ము, తుంగ, కిక్కిస పెరుగును. వాని వేళ్ల నంటియుండు సూక్ష్మజీవులు నీటిలోని మాలిన్యమును దినివేయును. చివర నున్న చిన్నతూము నీటి నొకటి రెండు దినములలో మెల్లగా విడుచును. మిక్కిలిగా వచ్చిన నీరు అలుగుమీదుగా బోవును. ఇంతే యందలి రహస్యము.

ఇట్టి మడుగు స్థాపించి పూజించు విగ్రహము కాదు, పాడియావు. మేపక, పేడ తీయక పాలిమ్మని యావు నడిగినవా డుండునా? ముఖపుగుంట మట్టితో నిండినచో దరువాతి వానలో వచ్చిన బురద నేరుగా మొక్కలలోనికి బోవును. జమ్మును గాలమున గోసి బయటికి దీయనిచో నది చచ్చి కుళ్లి, తాను బీల్చిన మాలిన్యమును దిరిగి నీటికే యప్పగించును. గుఱ్ఱపుడెక్క యొక్కమొక్క ప్రవేశించిన గొలదికాలములో నీటినంతను గప్పి, క్రిందిజీవములకు గాలి యందనీయదు. బంగాళదేశమున నీ మొక్కచేత పొలములు, పడవదారులు చెడగా, తన నేలలోని గుఱ్ఱపుడెక్కను దీసివేయుట యా నేల ననుభవించువాని విధియని 1936లో జట్టమే చేయవలసివచ్చెను. తూమునకు నొక్క ప్లాస్టిక్ సంచి యడ్డుపడిన జాలును, మడుగున్న ఫలము పోయి లేనిదాని కష్టము మిగులును.

మే మెఱిగిన పేట యొకదానిలో నిట్టి మడుగొకటి యుండెను. ఆ పేటవారిలో మేము నొకరము. కావున నిందలో మాకును భాగము కలదు. త్రవ్విననాడు మేమందఱము గట్టుపై నిలిచి చప్పట్లు కొట్టితిమి. శిలాఫలకముమీద బేళ్లు చెక్కించుటకు జందాలు వెంటనే వచ్చినవి. ఆరునెలలు తిరుగకమున్నే యిద్దఱుముగ్గురు గృహస్థులు వంటింటి మురుగుగొట్టములను వాననీటికాలువలోనికి ద్రిప్పిరి. మేము చూచియు నూరకుంటిమి. పూజాపుష్పములు, కొబ్బరిపీచు, విరిగిన యింటిమట్టి, పిల్లల పాతచెప్పులు ఒక్కొక్కటిగా జేరినవి. రెండవ వర్షకాలమున దూము మూసికొనిపోయి, మడుగునీరు వెనుకకు దన్ని, దేనినుండి కాపాడవలసెనో యా వీథినే ముంచినది.

అప్పుడేమి చేసితిమి? ఎవరో యొక కూలివానిని బిలిపించిరి. అతడు చేతితొడుగులు లేక, కాళ్లకు జోళ్లు లేక, ఱొమ్ములోతు కంపునీటిలో దిగి, చేతితో దడవి యా చెత్తను దీసెను. మేము చేతిరుమాళ్లు ముక్కులకు బెట్టుకొని గట్టుపై నిలిచితిమి. అతనికిచ్చిన కూలి ప్రారంభోత్సవపు బూలమాలల వెలకు దక్కువ. శిలాఫలకముమీద బదునొకండు పేళ్లున్నవి. ఈతని పేరు మాలో నొక్కరును అడుగలేదు. ఏ వాడనుండి యతని బిలిపించిరో యడుగకయే యందఱికి దెలియును. చదువుకొన్నవారము, కులభేదములు లేవని సభలలో జెప్పువారము, మా యింటిమురుగు నెత్తుటకు మాత్ర మెవరిని బిలువవలెనో మఱవలేదు.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను సామెతను మనవారు ధర్మసూత్రమువలె వల్లింతురు. దాని యర్థమును మేమిట్లు మార్చికొంటిమి: అడుసు మేము చేయుదుము, త్రొక్కుట మఱియొకని పని. మురుగుకాలువలలోనికిని మలకూపములలోనికిని రక్షణసామగ్రి లేక మనుష్యుని దింపుటను నిషేధించుచు 2013లో జట్టము వచ్చినది. మడుగు తనకు దానై మురుగుకుంట కాదు. మనమే దాని నట్లు చేయుదుము. మురుగు చేరనీయక, నియతకాలమున బూడిక తీయించిన మడుగులో బని పొలములోని పనివలె గౌరవముగా, యంత్రసహాయముతో, పగటివెలుగున జరుగును. కావున మడుగును గాచుట పారిశుద్ధ్యవిషయము మాత్రమే కాదు. మనము చెప్పు సంస్కరణమున కది పరీక్ష.

ఇక నాక్షేపణలు. మడుగున్న దోమలు పెరుగునని కొంద ఱందురు. మలేరియాక్రిమిని దోమకడుపులో రొనాల్డు రాసు గనుగొన్నది 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులోనే. దోమకు నిలువనీరు గావలయు నన్నమాట నిజము. కాని నీరు కదలుచు, చిన్నచేపలు తిరుగు మడుగులో దోమపిల్లలు బ్రతుకుట కష్టము. గుఱ్ఱపుడెక్క కప్పిన మురుగుకుంటలో బ్రతుకుట సులభము. డెంగీజ్వరపు దోమయో, మన మేడమీది తొట్టిలోను, పాతటైరులోను, పూలకుండి క్రింది పళ్లెములోను బుట్టును. ఈ యాక్షేపణ మడుగుమీదిది కాదు, అశ్రద్ధమీదిది.

ఇంత వెలగల నేలను నీటికి విడుచుటేల, పూడ్చి కల్యాణమండపము గట్టినచో నాదాయము వచ్చును గదా యని మఱికొంద ఱందురు. నీరు తన చోటు మఱవదు. మడుగులో నిలువనిచో మన చావడిలో నిలుచును. పూడ్చిన పల్లపునకు వెల గట్టునప్పుడు, మునిగిన యిండ్లలో బాడైన బియ్యము, పుస్తకములు, కుట్టుమిషనులు, పరుపులు, కూలిపోయిన పనిదినములు వీనివెలయు నా లెక్కలో వ్రాయవలయును.

పన్ను కట్టుచున్నాము, ఇది ప్రభుత్వముపని యనువారే యెక్కువ. ప్రభుత్వము తన పనిని జేయనిచో నిలదీయుట మన హక్కు. విజయవాడలో వాననీటికాలువలకు గేంద్రము 461 కోట్ల రూపాయలు మంజూరుచేయగా, మొదలైన పనులు నడుమ నేండ్లతరబడి యాగిపోయినవి. దానికి జవాబు అడుగవలసినదే. ఐతే కడపమండలములోని పోరుమామిళ్ల చెఱువును గూర్చి 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. చెఱువునకు వలయు పండ్రెండు సాధనములను, తగని యాఱుదోషములను అది చెప్పుచున్నది. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట యా దోషములలో నొకటి. ఆఱున్నరశతాబ్దముల క్రిందటి యీ మాట మన పేటమడుగులకే చెప్పినట్లున్నది! కాలువ యొకశాఖది, గట్టు వేఱొకశాఖది, చెత్త పురపాలకసంఘముది, మడుగు కాలనీసంఘముది. పదిమంది చేతిలో బాము చావదు.

పూర్వులు దీనికి మార్గము చూపకపోలేదు. తెలుగునాట బెక్కుచోట్ల జెఱువు కట్టినవానికి, దాని మరమ్మతు చూచువానికి దశబంధమాన్యములు విడిచిరి. అనగా గాపుదలకు వలయు రాబడిని ముందే యేర్పఱచిరి. 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టచే సస్యశ్యామలమైన మన డెల్టాలో రైతు కీ నీతి యొకరు చెప్పనక్కఱలేదు. వేసవిలో గాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీసి, తూటికాడ, గుఱ్ఱపుడెక్క తొలగింపనియెడల నీరు చివరిచేనికి జేరదని యతడెఱుగును. పల్లెలోని పామరు డెఱిగిన పాఠమును బట్టణములోని పట్టభద్రుడు మఱచుట వింతగా లేదా?

మడుగు మన పేటతో ముగియదు. బుడమేరు కొల్లేట గలియును. కొల్లేరు ఉప్పుటేటిమీదుగా సముద్రమునకు బోవును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ వరదనీటిని బట్టి నిదానముగా విడుచు కొల్లేరు ప్రకృతి కట్టిన మహామడుగు. దానిని 1999లో బక్షులకు శరణాలయముగా బ్రకటించిరి. 2002లో అంతర్జాతీయప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్సారు పట్టికలో జేర్చిరి. ఇన్ని గౌరవము లుండియు, దాని గర్భములో జేపలచెఱువుల గట్లు లేచి నీటిదారి మూసికొనగా, 2006లో బ్రభుత్వము వానిని బ్రద్దలుకొట్టింపవలసివచ్చెను. బిరుదములు నీటిని గాపాడవు. హైదరాబాదు శివారున నెక్నాంపూరు చెఱువులో 2018లో వట్టివేరు, జమ్ము మున్నగు మొక్కలను దేలియాడు తెప్పపై బెంచి నీటిని శుభ్రపఱచు ప్రయత్నము జరిగినది. అది మెచ్చదగినదే, ఐనను పైనుండి మురుగు దిగుచుండగా నే మొక్కయు నొంటరిగా నా పనిని నెఱవేర్పజాలదు.

కావున మా కోరికలు కొలదివి. మడుగు త్రవ్వుటకు ధనము మంజూరు చేయునాడే దాని కాపుదలకు నేటేట వలయు ధనమును విడిగా నేర్పఱుపుడు, లేనిచో ద్రవ్వవలదు. బాధ్యత యొక్కశాఖమీద, ఒక్క యుద్యోగిమీద నుంచి, యా పేరును గట్టుపై వ్రాయుడు. మురుగుగొట్టము నొక్కదానినైనను వాననీటికాలువలో గలుపనీయకుడు. కలిపినవా డెంతవాడైనను విడువకుడు. మృగశిరకార్తెకు ముందొకమాఱు, వానలు వెనుదీసినపిదప నొకమాఱు ముఖపుగుంటను, తూమును బరీక్షించి, పూడికను యంత్రముతో దీయించి, జమ్మును గోయింపుడు. పనివారికి దగిన కూలియు, తొడుగులును, జోళ్లును ఇచ్చి, వారి పేళ్లడుగుడు. ఆ దినమున బేటలోని ప్రతియింటినుండి యొకరు, పురుషుడైనను స్త్రీయైనను, ఉద్యోగియైనను విద్యార్థియైనను, గట్టుమీది చెత్త నేరుటకు రావలయును. ఖర్చుల లెక్క నెలనెల నందఱు చూచునట్లు వ్రేలాడదీయుడు.

ఇవి పెద్దసంస్కరణములు కావని చదువరులు నవ్వవచ్చును. కాని తన గడపముందరి తూమును మూయకుండ జూచుకొనలేని సంఘము దేశము నుద్ధరించునని మేము నమ్మజాలము. వచ్చు వానకాలము మన తీర్మానములను జదువదు. తూము తెఱచియున్నదా లేదా యని మాత్రమే చూచును. ఈ యాదివారము మీ పేటలోని కాలువచివరివఱకు నడచి, మీరును దానిని జూచి రండు.