ఇల్లు – ఇల్లాలు: కోఠీలోని దొరగారి మేడ

ఏ మేడనైనను ముఖద్వారమును జూచి మెచ్చుకొనుట లోకమునకు వాడుక. ఆ యింటి యాడువారు ఏ వాకిట తిరిగిరో, ఏ కిటికీనుండి లోకమును జూచిరో కూడ విచారింపవలెనని మా యభిప్రాయము.

ఆత్మకూరు సోదరీమణులు హైదరాబాదునకు బోయినప్పుడు మూసీకి ఉత్తరపుటొడ్డున నున్న రెసిడెన్సీ మేడను జూడవలయును. ఆ పేటకు కోఠీ యను పేరు దీనివలన వచ్చినదే. నిజాము దర్బారునందు కుంపిణీవారి ప్రతినిధియైన జేమ్సు అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దొర దీనిని దలపెట్టెను. మదరాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ నమూనా గీసెను. 1803 ప్రాంతమున పని సాగెను. ద్రవ్యమిచ్చినది నిజాము ప్రభువు.

ఉత్తరముఖమున 22 రాతిమెట్లు. ఇరుప్రక్కల రెండు సింహములు. పైన ఆకుల చెక్కడపు శిరస్సులు గల 6 మహాస్తంభములు. వానిపై త్రికోణపు ముఖపట్టము. గ్రీకు, రోమను దేవాలయముల పోకడ ఇంగ్లండు ప్రభువుల యిండ్లకును, అచటినుండి మన దక్కను నేలకును వచ్చినది. మన పాత భవంతులకు వెలుతురు నడిమి వాకిటినుండి వచ్చును; వీధికి అవి వీపు చూపును. ఈ మేడయో, నలుదెసల కిటికీలు తెరచి లోకమునకు ముఖము చూపును. ఘోషా స్త్రీకి చిక్కు వచ్చినది ఇచ్చటనే.

దొరగారి భార్య ఖైరున్నీసా హైదరాబాదు ఉన్నతవంశపు ముసల్మాను వనిత. ఆమెకై తోటలో మొగలాయి పద్ధతిని రంగమహలను జనానా వేఱుగ కట్టబడెను. మేడ ముందుభాగమును బోయి చూడజాలని భార్యకై దొర దాని చిన్న ప్రతిరూపమును తోటలో కట్టించెనని జనశ్రుతి. దొర 1805లో కలకత్తాలో మరణించెను. ఆమె 1813లో గతించెను. రంగమహలు తరువాత కూల్చబడెను. బొమ్మమేడ మాత్రము నిలిచియున్నది.

1949లో ఉస్మానియా స్త్రీల కళాశాల ఈ మేడలోనికి వచ్చెను. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు దాల్చెను. ఇల్లాలికి అందని మెట్లను మన పల్లెల బాలికలు పుస్తకములు చేతబట్టి యెక్కిరి.

కొత్తయిల్లు కట్టించు సోదరీమణులారా! మేస్త్రీ వీధివైపు స్తంభముల సంగతి యెత్తకమున్నే, పగలెల్ల మీరు మసలు వంటయింటికి వెలుతురెటనుండి వచ్చునో అడుగుడు. ఆ కిటికీ కొలత మీరే చెప్పుడు.