క్షమాభిక్ష మూసేది ఒక్క తలుపునే: ఫౌచీ ఉదంతంలో చట్టం గీసిన హద్దులు

అమెరికా అధ్యక్ష పదవి నుంచి వైదొలగడానికి కొన్ని గంటల ముందు, 2025 జనవరి 20న, జో బైడెన్ ప్రకటించిన క్షమాభిక్షల జాబితాలో డాక్టర్ ఆంథోనీ ఫౌచీ పేరు ఉంది. 1984 నుంచి 2022 వరకు జాతీయ అలర్జీ, అంటువ్యాధుల సంస్థకు సంచాలకుడిగా వ్యవహరించిన ఆయనపై అప్పటికి ఒక్క అభియోగమూ నమోదు కాలేదు. తాను ఏ నేరమూ చేయలేదని ఫౌచీ స్పష్టంచేశారు. ఆయనను ఇక ఎవరూ ప్రశ్నించలేరని అనుకూలురూ, వ్యతిరేకులూ ఒకే రీతిలో భావిస్తున్నారు. ఆ భావన చట్టం ముందు నిలిచేది కాదు.

క్షమాభిక్ష పరిధి

2014 జనవరి 1 నుంచి క్షమాభిక్ష మంజూరైన నాటి వరకు ఫౌచీ నిర్వహించిన సంచాలక పదవికి, కొవిడ్ కార్యదళంలో సభ్యత్వానికి, అధ్యక్షుని ముఖ్య వైద్య సలహాదారు బాధ్యతలకు సంబంధించిన ఫెడరల్ నేరాలకు మాత్రమే ఈ ఉత్తర్వు వర్తిస్తుంది. అభియోగం మోపకముందే క్షమించడం కొత్త విషయం కాదు. నేరం జరిగిన తరువాత ఏ దశలోనైనా, విచారణ మొదలుకాక ముందైనా, అధ్యక్షుడు క్షమించవచ్చని అంతర్యుద్ధానంతరం గార్లండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. 1974లో రిచర్డ్ నిక్సన్‌కు జెరాల్డ్ ఫోర్డ్ ఇచ్చిన క్షమాభిక్ష కూడా ఇటువంటిదే.

క్షమాభిక్షను స్వీకరించడమంటే నేరాన్ని ఒప్పుకోవడమేనన్న వాదనకు 1915 నాటి బర్డిక్ తీర్పులోని ఒక వ్యాఖ్య ఆధారం. అయితే, స్వీకరణను నేరాంగీకారంగా పరిగణించలేమని 2021లో పదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం మరో కేసులో అభిప్రాయపడింది.

దాటలేని హద్దులు

మొదటి హద్దు రాజ్యాంగంలోనే ఉంది. 'యునైటెడ్ స్టేట్స్‌పై జరిగిన నేరాల'కే అధ్యక్షుడు క్షమాభిక్ష ఇవ్వగలరు. రాష్ట్రాల చట్టాల కింద వచ్చే నేరాలు ఆ అధికారానికి వెలుపలివి. 2025 ఫిబ్రవరిలో 17 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు కాంగ్రెస్ నాయకత్వానికి లేఖ రాసి ఈ విషయంలో సహకారం కోరడానికి ఆధారం ఇదే. బాధితులు వేసే సివిల్ దావాలను సైతం క్షమాభిక్ష ఆపలేదు.

రెండో హద్దు కాలానికి సంబంధించింది. జరిగిన నేరాన్ని క్షమించవచ్చుగానీ, జరగబోయే నేరానికి ముందుగా అనుమతి ఇవ్వడం కుదరదు. రేపు కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి అసత్యం చెబితే అది కొత్త నేరం అవుతుంది. పాత క్షమాభిక్ష దానిని కాపాడదు.

మూడో హద్దు చాలామంది గమనించనిది. తనపైనే సాక్ష్యంగా మారగల సమాధానం చెప్పకుండా మౌనం వహించే హక్కును ఐదో సవరణ పౌరునికి ఇచ్చింది. శిక్ష భయం తొలగిన మేరకు ఆ హక్కు బలహీనపడుతుంది. రాష్ట్రాలు ప్రాసిక్యూట్ చేసే అవకాశం ఉన్నంతవరకు అది పూర్తిగా పోదు. అయినప్పటికీ, రక్షణగా ఇచ్చిన ఉత్తర్వే ఆయనను సాక్షి స్థానంలోకి నెట్టే వీలుంది.

ఆటోపెన్ వివాదం

బైడెన్ క్షమాభిక్షలపై సంతకాన్ని ఆటోపెన్ యంత్రం చేసిందని, కాబట్టి అవి చెల్లవని అధ్యక్షుడు ట్రంప్ వాదిస్తున్నారు. నిర్ణయాలన్నీ తానే తీసుకున్నానని బైడెన్ చెప్పారు. క్షమాభిక్ష రాతపూర్వకంగానే ఉండాలని రాజ్యాంగం నిర్దేశించలేదని 2024లో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఒక కేసులో పేర్కొంది. కనుక అసలు ప్రశ్న కలం ఎవరిదన్నది కాదు, నిర్ణయం ఎవరిదన్నదే.

ఈ వివాదం మీద కాలపరిమితి నీడ కూడా ఉంది. వుహాన్ పరిశోధనలకు నిధుల విషయమై 2021 మే 11న సెనేట్ కమిటీ ముందు ఫౌచీ ఇచ్చిన సమాధానంపై సెనేటర్ రాండ్ పాల్ ఆరోపణలు చేశారు. ఫెడరల్ నేరాలకు సాధారణ కాలపరిమితి ఐదేళ్లు. ఆ లెక్కన ఆ సమాధానంపై అభియోగానికి గడువు 2026 మే నెల వరకే.

అసలు కవచం వేరే చోట

క్షమాభిక్ష లేకున్నా ప్రజారోగ్య అధికారికి బలమైన రక్షణలు ఉన్నాయి. విధి నిర్వహణలో ఫెడరల్ అధికారి చేసిన పనికి రాష్ట్రం శిక్ష విధించరాదని 1890 నాటి నీగల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో వచ్చిన ప్రెప్ చట్టం టీకాలు, ఔషధాల వంటి అత్యవసర చర్యలపై నష్టపరిహార దావాలకు అడ్డుకట్ట వేసింది. ఉద్దేశపూర్వక దుష్ప్రవర్తనను మాత్రం మినహాయించింది. అంటే రాష్ట్రాల మార్గం తెరిచి ఉన్నా అది ఇరుకైనదే.

భారత్‌లో భిన్నమైన చిత్రం

ఇటువంటి ముందస్తు క్షమాభిక్షకు భారత రాజ్యాంగంలో తావులేదు. రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నర్‌కు 161వ అధికరణం ఇచ్చిన అధికారం దోషిగా నిర్ధారణ అయిన వ్యక్తికే వర్తిస్తుంది. పైగా ఆ నిర్ణయం న్యాయసమీక్షకు లోబడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన శిక్ష మినహాయింపును 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు రద్దుచేసింది. ఖైదీ మంచి పార్టీ కార్యకర్త అని నివేదికలో రాయడాన్ని అసంబద్ధ కారణంగా ఎత్తిచూపింది. ఇక్కడి అధికారులకు రక్షణ మరో రూపంలో ఉంది. సదుద్దేశంతో తీసుకున్న చర్యలకు 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం భరోసా ఇస్తున్నాయి.

రెండు పద్ధతుల మధ్య తేడా కీలకమైనది. సదుద్దేశ రక్షణలో అధికారి ఉద్దేశాన్ని ఎవరైనా ఒకరు పరిశీలించాలి. ముందస్తు క్షమాభిక్షలో ఆ పరిశీలన లేకుండానే కేసు ముగుస్తుంది. నిరపరాధి అయిన అధికారికి కూడా తన నిర్దోషిత్వాన్ని న్యాయస్థానంలో నిరూపించుకునే అవకాశం దక్కదు. అధికారం మారిన ప్రతిసారీ కక్షసాధింపు తప్పదన్న భయం ఉంటే, మరో మహమ్మారి వేళ కఠిన నిర్ణయం తీసుకునేందుకు వైద్యాధికారులు వెనుకాడతారు. ఏ నిర్ణయానికీ జవాబు చెప్పనక్కర లేదనుకుంటే ప్రజలు వారి మాట వినడం మానేస్తారు. శిక్షకు తలుపు మూసుకున్నా విచారణకు తలుపు తెరిచే ఉంది. కొవిడ్ ప్రాణాలు తీసిన కుటుంబాలకు దక్కవలసిన సమాధానాలు రావలసింది ఆ తలుపు గుండానే.