కుటుంబ ఆరోగ్యము: మూడు పేటల త్రాడు



ఎముక విరిగి, నెలలు గడచినా అతుక్కొనక మంచము పట్టిన పెద్దలు మన సంఘములలో ఉన్నారు. అట్టివారి ఇంటికి చేపల కొల్లాజెన్ పొడి డబ్బా పట్టుకొని వచ్చి, ఇది త్రాగితే ఎముక మరల పెరుగునని చెప్పువారును ఉన్నారు. ఆ మాటలో నిజమెంతో ఈ నెల కలసి ఆలోచింతము.

మన ఎముక వట్టి సున్నము కాదు. దాని బరువులో సుమారు 3లో 2 వంతులు గట్టి ఖనిజము. మిగిలిన దానిలో ముఖ్యమైనది కొల్లాజెన్ అను మాంసకృత్తు. స్లాబులో సిమెంటుకు ఇనుప చువ్వలు ఎట్లో, ఎముకకు ఇది అట్లు. ఇది లేనిచో ఎముక సుద్దముక్కవలె విరుగును. కొల్లాజెన్ మూడు పేటలు పేనిన త్రాడువంటిదని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయములో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా లోకమునకు తెలిపిరి. మూడు పేటల త్రాడు బలమును గూర్చి ప్రసంగి గ్రంథములో చదివిన మనకు, సృష్టికర్త అట్టి త్రాడునే మన ఎముకలలో పేనియుంచెనని తెలిసి ఆశ్చర్యము కలుగక మానదు.

వైద్యములో వాడు కొల్లాజెన్ చాలవరకు ఆవుల నుండి, పందుల నుండి తీయుదురు. కొందరి మనస్సాక్షికి అది అభ్యంతరము. పైగా పిచ్చి ఆవు రోగమునకు, మనుష్యులకు వచ్చు ఒక మెదడు జబ్బునకు సంబంధమున్నదని 1996లో బ్రిటనులో తెలిసినది. అందుచేత శాస్త్రజ్ఞులు మనము పారవేయు చేప తోలు, పొలుసుల వైపు చూచుచున్నారు. వాటిని శుభ్రపరచి, ఆమ్లములో నానబెట్టి కొల్లాజెన్ తీసి, స్పంజివలె ఆరబెట్టి, ఎముకలోని ఖనిజమును చేర్తురు. దానిని ఎముక ఖాళీలో పెట్టినచో మన ఎముక కణములు దాని రంధ్రములలో చేరి క్రొత్త ఎముకను కట్టును. స్పంజి మెల్లగా కరగిపోవును. తాపీమేస్త్రి గోడ లేచువరకు పరంజా కట్టి, తరువాత విప్పునట్లే!

అయితే చల్లని సముద్రపు చేపల కొల్లాజెన్ మన ఒంటి వేడికి నిలువదు. దానిని గట్టిపరచవలెను. ఎముక విషయములో ఈ పని ఎక్కువగా ప్రయోగశాలలలోను, జంతువులపైనే జరుగుచున్నది. ఐస్‌లాండు దేశములో కాడ్ చేప తోలుతో చేసిన కట్టునకు 2013లో అమెరికా అనుమతి దొరికినది గాని, అది చర్మపు గాయములకే.

ఇక త్రాగు పొడి మాట. పప్పు, గ్రుడ్లలోని మాంసకృత్తువలెనే అదియు కడుపులో జీర్ణమై ముక్కలగును. అది పరంజాగా వెళ్లి విరిగినచోట నిలువదు. చేపలు పడనివారికి హాని కూడ చేయవచ్చును. దానికై పంట డబ్బు పోగొట్టుకొనవద్దు. ఆ డబ్బుతో ఎముకల వైద్యుని యొద్దకు వెళ్లి, ఎందుకు అతుకుటలేదో అడుగుడి. చీము పట్టెనా, కట్టు కదలెనా, మధుమేహమున్నదా అని వారు చూతురు. చుట్ట, బీడీ మాన్పించుడి. రాగి జావ, పాలు, గ్రుడ్లు, పప్పు, ముల్లుతో తినదగిన చిన్న చేపలు పెట్టుడి.

ఐదు రొట్టెలు, రెండు చేపలతో జనులను తృప్తిపరచిన తరువాత, ఏమియు వ్యర్థము కాకుండ మిగిలిన ముక్కలను ప్రభువు పోగుచేయించెను. పారవేసిన చేప తోలును నేడు శాస్త్రజ్ఞులు ఏరుకొనుచున్నారు. మరి వసారాలో మంచముపైనున్న మన పెద్దలను ఎవరు పోగుచేయుదురు? ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే అట్టి ఒక ఇంటికి వెళ్లుదము. ఆసుపత్రికి తీసికొనిపోవువారు లేకున్న మనమే తోడు పోవుదము.